అల్పపీడనం పట్టింది, కోరీ చేపలు గుడ్లు పెట్టాయి. పిల్లల్ని నిలబెట్టుకోవడం ఎలా?

కృష్ణలంక, విజయవాడ
జూన్ 15, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఈ చేపల పెంపకం వేదికలో చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా ఇంట్లో మూడడుగుల తొట్టి ఉంది, 120 లీటర్ల దాకా పడుతుంది. అందులో ఆరు బ్రాంజ్ కోరీలు (జెల్ల జాతి చిన్న చేపలు), పది రాస్బోరా చేపలు. అడుగున జల్లించి కడిగిన ఇసుక, ఒక మూలన స్పాంజ్ ఫిల్టర్, జావా ఫెర్న్, అనుబియాస్ మొక్కలు. కోరీలు కొని ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ గుడ్ల ఊసే లేదు.

అల్పపీడనం పట్టి రెండు రోజులుగా ఒకటే ముసురు. నిన్న సాయంత్రం మామూలుగానే సగం నీళ్లు మార్చాను. వాన వల్ల మిద్దె మీది ట్యాంకు నీళ్లు చల్లగా ఉన్నాయి. తొట్టి 30 డిగ్రీలు ఉండాల్సింది 26కి దిగింది. గంట తిరక్కుండానే అన్నీ అద్దాల వెంట పైకీ కిందికీ పరుగులు మొదలుపెట్టాయి. జబ్బు చేసిందేమోనని టెన్షన్ పడ్డాను.

తర్వాత చూసింది జన్మలో మర్చిపోను. పెద్ద ఆడ కోరీ వెళ్లి ఒక మగదాని పొట్టకు మూతి ఆనించి కదలకుండా నిలబడింది. రెండూ కలిసి టీ అక్షరంలా ఉన్నాయి. పది క్షణాలు ఉందేమో. విడిపోయాక ఆడదాని పొట్ట కింది రెక్కలు రెండూ దోసిలి పట్టినట్టు మూసుకుని ఉన్నాయి. ఆ దోసిట్లో మూడు గుడ్లు! వాటిని మోసుకుంటూ అద్దం దగ్గరకొచ్చి, ఒక చోట మూతితో శుభ్రం చేసి, పొట్టను అద్దానికి అదిమి అంటించింది. మళ్లీ మగదాని దగ్గరకు వెళ్లింది. రాత్రి పదకొండు దాకా ఇదే తంతు. 90 దాకా లెక్కపెట్టాను.

తెల్లారి లేచి చూస్తే సగం లేవు, అవే తినేశాయి. మిగిలిన 40 గుడ్లను వేలితో మెల్లగా దొర్లించి స్టీలు గిన్నెలోకి తీశాను. ఇప్పుడేం చేయాలి? ఎవరైనా చెప్పండి, గిన్నె పక్కనే కూర్చున్నాను.

నాచుతోట, హైదరాబాద్
జూన్ 15, ఉదయం 7:25

అభినందనలండీ! ముందు ఆ గిన్నెలో ఒక ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి, మిగతాది తర్వాత చదవండి. గుడ్ల చుట్టూ నీళ్లు మెల్లగా కదులుతూ ఉండాలి. బుడగలు నేరుగా గుడ్లకు తగలకుండా పక్కన పెట్టండి. నిలవ నీళ్లలో ఒక్క పాడు గుడ్డుకు బూజు పడితే, పక్కనున్న మంచి గుడ్లనూ అల్లుకుపోతుంది.

గిన్నెలోకి తొట్టి నీళ్లే వాడండి. మిథిలీన్ బ్లూ (బూజు పట్టకుండా వేసే నీలం మందు) ఉంటే చుక్క చుక్కగా వేయండి, లేత నీలం వచ్చాక ఆపేయండి. గిన్నె అడుగు కనపడాలి. దాన్ని పెద్ద తొట్టిలో మాత్రం వేయకండి. మొక్కలకు మంచిది కాదు, ఫిల్టర్‌లో ఉన్న మేలు చేసే బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది.

26 డిగ్రీల దగ్గర మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. మంచి గుడ్డు మొదట లేత గోధుమ రంగులో ఉండి, రోజురోజుకీ ముదురుతుంది. మూడో రోజుకు లోపల కళ్లు రెండు చుక్కల్లా కనిపిస్తాయి. పాలలా తెల్లబడిన గుడ్డు పాడైనట్టే, డ్రాపర్‌తో వెంటనే తీసేయండి.

ఓరుగల్లు మావయ్య
జూన్ 15, ఉదయం 9:10

తల్లీ, శుభం. మందుల దాకా వెళ్లకముందు బాదం ఆకు ప్రయత్నించు. మన వీధుల్లో గొడుగులా పెరుగుతుందే, ఆ బాదం చెట్టుదే. చెట్టు మీది పచ్చాకు కోయొద్దు. ఎండి గోధుమ రంగుకొచ్చి రాలిన ఆకు ఏరి, కడిగి, చిన్న ముక్క వేయి. నీళ్లు పలచటి టీ రంగుకు వస్తాయి. అందులో టానిన్లు ఉంటాయి, బూజును కొంత అదుపులో పెడతాయి. దుమ్ము పడే రోడ్డు పక్క ఆకు, మందు కొట్టిన తోటలోది మాత్రం వద్దు. నేను పదేళ్ల నుంచి గుడ్లకు ఇదే వాడుతున్నాను.

నాచుతోట, హైదరాబాద్
జూన్ 15, ఉదయం 9:48

మావయ్యగారూ, బాదం ఆకు మంచిదే, నేనూ వాడతాను. కానీ మొదటిసారి గుడ్లు తీసినవాళ్లకు ఏ గుడ్డు పాడైందో త్వరగా తెలియదు. మిథిలీన్ బ్లూలో పాడు గుడ్డు ముదురు నీలం పట్టేస్తుంది, చూడగానే ఏరేయొచ్చు. అందుకే అది చెప్పాను.

ఓరుగల్లు మావయ్య
జూన్ 15, ఉదయం 10:02

ఆ మాట నిజమే. ఒప్పుకుంటున్నాను.

కృష్ణలంక, విజయవాడ
జూన్ 18, రాత్రి 9:30

అన్నీ పోయాయి. 40కి 40. మూడో రోజుకు ఒక్కదానిలో కూడా కళ్లు కనపడలేదు. నిన్నటికి తెల్లబడ్డాయి, ఇవాళ దూది పింజల్లా అయ్యాయి. ఎయిర్ స్టోన్ పెట్టాను, బాదం ఆకూ వేశాను. ఎక్కడ తప్పు చేశాను?

నాచుతోట, హైదరాబాద్
జూన్ 18, రాత్రి 10:05

ఒక్కటి కూడా ముదరలేదంటే బూజు తర్వాత వచ్చిందే, అసలు గుడ్లు ఫలదీకరణ కాలేదు. మీ ఆరింటిలో మగవి ఎన్ని? తొట్టి మూత తీసి నేరుగా పైనుంచి చూడండి. ఆడది ముందు రెక్కల దగ్గర వెడల్పుగా, ఉబ్బి ఉంటుంది. మగది సన్నగా, కాస్త పొట్టిగా ఉంటుంది. పక్కనుంచి చూస్తే పొరబడతాం.

కృష్ణలంక, విజయవాడ
జూన్ 19, ఉదయం 6:15

చూశాను. నాలుగు ఆడవి, రెండే మగవి. అందులో ఒకటి మరీ చిన్నది.

ఓరుగల్లు మావయ్య
జూన్ 19, ఉదయం 7:00

అక్కడే ఉంది చిక్కు. ఒక్కో ఆడదానికి ఇద్దరు మగవాళ్లుంటే బాగుంటుంది. ఇప్పటికి కనీసం మూడు మగవి తెచ్చుకో. తెచ్చి నేరుగా వేయకమ్మా, వేరే టబ్బులో మూడు వారాలు ఉంచి, జబ్బు లేదని తేలాకే కలుపు. ఈలోగా పాతవాటికి మేత మార్చు. పెల్లెట్ల మీదే ఉంటే గుడ్లు కట్టవు. ఫ్రోజెన్ బ్లడ్ వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) వారానికి నాలుగైదు సార్లు, దీపాలు ఆపిన తర్వాత వేయి. బజారులో అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు మురుగు కాలువల దగ్గర పట్టి తెస్తుంటారు, దాని జోలికి వెళ్లకు.

కొత్తతొట్టి, ఏలూరు
జూన్ 19, మధ్యాహ్నం 1:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను డిగ్రీ చదువుతున్నాను, రెండు అడుగుల తొట్టి ఉంది. షాపులో కోరీ అంటే "క్లీనర్ ఫిష్, మేత వేయక్కర్లేదు, అడుగున మురికి అదే తింటుంది" అన్నారు. ఒక్కటి కొన్నాను. ఎప్పుడూ ఫిల్టర్ వెనకే నక్కి ఉంటుంది. అది మామూలేనా?

కృష్ణలంక, విజయవాడ
జూన్ 19, మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, నేనూ అలాగే మోసపోయాను. మురికి తిని ఏ చేపా బతకదు. మిగతా చేపలు వదిలిన మేత తింటుందేమో గానీ వాటి మలం తినదు. దానికి విడిగా, మునిగే పెల్లెట్లు వేయాలి. నేను మొదట రెండు కొంటే అవీ నీలాగే నక్కి ఉండేవి. ఆరు అయ్యాక పగలంతా ఇసుకలో మూతి దూర్చి, మొప్పల్లోంచి ఇసుక వదులుతూ గుంపుగా తిరగడం మొదలుపెట్టాయి. ఒక్కదాన్ని ఒంటరిగా ఉంచకు. కనీసం ఇంకో ఐదు కావాలి, ఒకే జాతివి. ఇప్పుడే కొనకు, నా పిల్లలు నిలబడితే నేనే ఇస్తాను.

డాలస్ గోదారి
జూన్ 20, ఉదయం 8:30

ఈ చర్చ చదువుతుంటే మా రాజమండ్రి ఇంట్లో ముసురు రోజు గుర్తొచ్చింది. ఇక్కడ నా దగ్గర పాండా, స్టెర్బై కోరీలు ఉన్నాయి. అక్క చెప్పిన టీ ఆకారం గురించి ఒక మాట. బ్రాంజ్ కోరీల మీద 1995లో జపాన్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడది అలా మూతి ఆనించినప్పుడు మగదాని వీర్యాన్ని నోటితో తాగుతుందట! అది పేగు గుండా కొన్ని క్షణాల్లోనే బయటికొచ్చి, దోసిట్లో ఉన్న గుడ్ల మీద పడుతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు, నీళ్లలో నీలం రంగు వాడి చూసి మరీ నిర్ధారించారు.

ముసురు పట్టగానే గుడ్లు పెట్టడానికీ కారణం ఉంది. ఇవి దక్షిణ అమెరికా చేపలు. అక్కడ వానాకాలం రాగానే వాగులు పొంగి, నీళ్లు చల్లబడి, పలచబడతాయి, మేత పెరుగుతుంది. అదే వాటికి గుడ్లు పెట్టే కబురు. నేను గాలి పీడనం తగ్గే రోజు చూసుకునే చల్ల నీళ్లు మారుస్తాను. ఎక్కువసార్లు పని చేసింది.

పెప్పర్డ్ కోరీలను 1878లోనే పారిస్‌లో కార్బొన్యే అనే ఆయన తొట్టిలో గుడ్లు పెట్టించాడు. అప్పటికి కరెంటు పంపులు, హీటర్లు ఎక్కడివి? కాబట్టి మనకూ అవుతుంది. ఇంకో సంగతి, 2024లో శాస్త్రవేత్తలు ఈ కోరీలున్న కోరీడోరాస్ ప్రజాతిని చీల్చేశారు. బ్రాంజ్ కోరీ ఇప్పుడు ఆస్టియోగాస్టర్, పాండా, స్టెర్బై హోప్లిసోమా. షాపుల్లో మాత్రం అన్నీ కోరీలే, మనమూ అలాగే పిలుచుకుందాం.

కొత్తతొట్టి, ఏలూరు
జూన్ 20, ఉదయం 9:05

పాండా కోరీ ఫొటో చూశాను, చాలా బాగుంది. ఏలూరులో పెంచొచ్చా?

డాలస్ గోదారి
జూన్ 20, ఉదయం 9:20

వద్దు తమ్ముడూ. పాండా, పెప్పర్డ్ రెండూ చల్లదనం కోరేవి, 20 నుంచి 25 డిగ్రీల్లో హాయిగా ఉంటాయి. కోస్తా మే నెలలో తొట్టి నీళ్లు 32 దాటతాయి, అవి ఉక్కిరిబిక్కిరి అయిపోతాయి. వేడి తట్టుకునేది స్టెర్బై, తర్వాత బ్రాంజ్. వేసవిలో నీళ్ల మీదికి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

కృష్ణలంక, విజయవాడ
జులై 20, ఉదయం 7:10

మళ్లీ పెట్టాయి! మూడు మగవి తెచ్చి, 22 రోజులు టబ్బులో ఉంచి కలిపాను. బ్లడ్ వార్మ్స్ వేశాక ఆడవాటి పొట్టలు ఎర్రగా, గుండ్రంగా అయ్యాయి. మొన్న మబ్బు పట్టగానే, తెల్లవారుజామున పట్టి ఉంచిన నీళ్లలో ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన సీసా వేసి 25 డిగ్రీలకు తెచ్చాను. క్లోరిన్ పోగొట్టే మందు వేసి, గంటన్నర పాటు సన్న ధారగా సగం నీళ్లు మార్చాను. రాత్రి ఏమీ లేదు. నిన్న పొద్దున్న కాఫీ పెట్టుకుని వచ్చేసరికి మొదలైంది.

ఈసారి తినేదాకా ఆగలేదు. పెట్టిన గంటలోపు కాకుండా, గుడ్డు పెంకు కాస్త గట్టిపడ్డాక మధ్యాహ్నం తీశాను. 120 పైనే. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో ఎయిర్ స్టోన్, లేత నీలం నీళ్లు. ఇవాళ చూస్తే తెల్లబడినవి పదిహేనే.

కృష్ణలంక, విజయవాడ
జులై 23, సాయంత్రం 6:00

పొదిగాయి. ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూస్తే, ఆవగింజంత పచ్చసొన సంచికి రెండు కళ్లు, సన్నటి తోక అతికించినట్టు ఉంది ఒక్కోటి. సంచి బరువుకు లేవలేక పక్కకు ఒరిగి, తోక మాత్రం వణికిస్తున్నాయి. ఒకదానికి అప్పుడే మూతి దగ్గర సన్న నూగు లాంటి మీసాలు! సుమారు 80 ఉన్నాయి. నీలం నీళ్లు సగం సగం తీసి మంచి నీళ్లు పోస్తున్నాను. మేత ఎప్పుడు, ఏమిటి?

నాచుతోట, హైదరాబాద్
జులై 23, సాయంత్రం 6:40

సంచి కరిగేదాకా, అంటే రెండు మూడు రోజులు ఏమీ వేయొద్దు. తర్వాత మైక్రోవార్మ్స్ అనే సన్నటి పురుగులు. అవి నీళ్లలో మునిగి అడుగున కదులుతూ ఉంటాయి, కోరీ పిల్లలు అడుగునే తింటాయి కాబట్టి వీటికి సరిపోయిన మేత. ఓట్స్ జావలా గట్టిగా ఉడికించి చల్లార్చి, చిటికెడు ఈస్ట్ చల్లి, తోడు వేసినట్టు పాత కల్చర్ (పురుగులు పెరుగుతున్న పాత జావ) ఒక చెంచా వేయాలి. మూతకు చిన్న రంధ్రాలు పెట్టి గుడ్డ కట్టండి. నాలుగైదు రోజులకు డబ్బా గోడల మీదికి పాకుతాయి, వేలితో తుడిచి నీళ్లలో ముంచడమే. మన వేడికి మూడు వారాల్లో పులిసి చస్తుంది, రెండు వారాలకోసారి కొత్త డబ్బాకు తోడు పెట్టుకోండి. తోడుకు కల్చర్ కొరియర్‌లో పంపిస్తాను.

కృష్ణలంక, విజయవాడ
ఆగస్టు 9, రాత్రి 11:15

రాయడానికి మనసు రావట్లేదు, కానీ మీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను.

రెండు వారాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. 70 పిల్లలు, పొట్టలు గుండ్రంగా నిండి, అర అంగుళానికి కాస్త తక్కువ. పదహారో రోజు పొద్దున్న నాలుగు చచ్చి ఉన్నాయి. సాయంత్రానికి పదకొండు. అప్పటి నుంచి రోజూ పాతిక దాకా. ఇవాళ్టికి తొమ్మిదే మిగిలాయి. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. మైక్రోవార్మ్స్, కాస్త పెల్లెట్ పొడి, మధ్యలో నాలుగు రోజులు ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన వేశాను. రెండు రోజులకోసారి నాలుగో వంతు నీళ్లు మారుస్తున్నాను. చచ్చినవాటిని దగ్గరగా చూస్తే కొన్నిటికి మీసాలు లేవు. రాత్రి బాగున్నవి తెల్లారేసరికి పోతున్నాయి.

భీమిలి తీరం
ఆగస్టు 10, ఉదయం 5:30

మేడమ్, నేను కోరీలు పెంచలేదు. రొయ్య పిల్లల హ్యాచరీలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మీ రాత చదివాక ఆగలేకపోయాను, ఎందుకంటే మీరు చెప్పింది మేము కళ్లారా చూసే చావే.

ఒక పని చేయండి. ఎయిర్ ఆపి, డబ్బా పక్కనుంచి టార్చి లైటు అడుగుకు ఏటవాలుగా కొట్టండి. తర్వాత వేలితో అడుగు రాసి చూడండి. ఏం కనిపించిందో చెప్పండి.

కృష్ణలంక, విజయవాడ
ఆగస్టు 10, ఉదయం 6:20

చూశాను. మామూలుగా ఏమీ కనపడని అడుగు మీద బూడిద రంగు పొర తేలింది. వేలితో రాస్తే కలబంద గుజ్జులా జారింది. వాసన చూశాను, పులిసిన వాసన.

భీమిలి తీరం
ఆగస్టు 10, ఉదయం 6:50

పిల్లలు పోయింది దానివల్లే. తినకుండా మిగిలిన పురుగులు, పొడి, అన్నిటికన్నా ఆ కోడిగుడ్డు సొన అడుగున కుళ్లి, బ్యాక్టీరియా పొర కట్టింది. పైన నీళ్లు తేటగా ఉన్నా అడుగున వేలెడు మందం వేరే లోకం. మీ పిల్లలు పుట్టింది మొదలు పొట్ట, మీసాలు ఆ పొరకే ఆనించి బతుకుతున్నాయి. మీసాలు అరిగాయంటే అదే గుర్తు. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లు ఎలాగో తట్టుకుంటాయి. అవి పెరిగి మేత పెరిగేసరికి పొర కూడా పెరిగి, రెండు మూడు రోజుల్లో అన్నీ ఊడ్చుకుపోతాయి.

హ్యాచరీలో మేం రోజూ ముందు చేసేది అడుగు సైఫన్, అంటే అడుగు మురికిని ట్యూబుతో నీళ్లతో పాటు లాగేయడం, మేత తర్వాతే. మీరూ అలాగే చేయండి. ఎయిర్ పంపు ట్యూబు చివర ఒక చీపురుపుల్లకు కట్టండి, ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. దానితో అడుగంతా వరసగా, ముగ్గు వేసినట్టు పీల్చండి. నీళ్లు తెల్ల బకెట్‌లోకి వదలండి. పొరపాటున పిల్లలు వస్తే తెల్లటి అడుగు మీద కనిపిస్తాయి, చెంచాతో తిరిగి వేయొచ్చు. రోజూ రెండు పూటలా. తీసినన్ని నీళ్లు, అదే వేడిమి ఉన్నవి, సన్న ధారగా పోయండి. గోడలు, అడుగు వారానికి రెండుసార్లు కొత్త స్పాంజ్ ముక్కతో తుడవండి.

ఇంకొకటి, ఆర్టీమియా పెట్టండి, రొయ్య లాంటి ఉప్పునీటి చిన్న జీవి అది. రొయ్యల మేత అమ్మే షాపుల్లో గుడ్ల డబ్బా దొరుకుతుంది. పెద్ద డబ్బా ఖరీదే, నలుగురు పంచుకోండి. తెరిచాక గాలి చొరని సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. లీటరు నీళ్లకు 25 గ్రాముల కల్లుప్పు, అర చెంచా గుడ్లు. సీసాను తలకిందులు చేసి, అడుగు నుంచి గాలి బాగా కొట్టాలి. 28 డిగ్రీల్లో 24 గంటలకు నారింజ రంగు పిల్లలు వస్తాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుగు వైపు చేరతాయి. అక్కడి నుంచి తీసి, సన్న గుడ్డలో వడకట్టి, మంచి నీళ్లతో కడిగి వేయండి. పొదిగిన కొద్ది గంటల్లోనే వేయాలి, ఆలస్యమైతే వాటి సత్తువ అవే తినేస్తాయి. ఉప్పులేని నీళ్లలో కొన్ని గంటలే బతుకుతాయి, మిగిలినవి తప్పకుండా సైఫన్ చేయాలి.

కృష్ణలంక, విజయవాడ
ఆగస్టు 10, ఉదయం 7:05

కడుపు నింపుతున్నానని అనుకున్నాను. నాలుగు రోజులు నేను ప్రేమగా వేసిన ఆ సొనే వాటిని చంపిందన్న మాట. ఇప్పుడే ఆ తొమ్మిదింటినీ కడిగిన టబ్బులోకి మారుస్తున్నాను. మీరు ఎవరో తెలియదు గానీ తమ్ముడూ, చాలా రుణపడి ఉంటాను.

ఓరుగల్లు మావయ్య
ఆగస్టు 10, ఉదయం 8:30

బాధపడకమ్మా. ఈ వేదికలో గుడ్లు పెట్టించినవాళ్లు బోలెడు మంది, మూడో వారం దాటించినవాళ్లు తక్కువ. నావి మొదటి మూడు విడతలు ఇలాగే పోయాయి. నాకు సొన సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే నానా తంటాలు పడి తెలుసుకున్నాను.

నేను చిన్నప్పుడు చెరువులో జెల్లలు పట్టేవాణ్ణి. అవి బురదలో బతుకుతాయి కదా, వీటికేం అనుకున్నాను. కోరీ కూడా జెల్ల లాంటిదే, మీసాలు, ముల్లు అన్నీ ఉన్నాయి. కానీ పారే వాగుల్లో ఇసుక మీద పెరిగే జాతి, నిలవ కుళ్లు దీనికి పడదు. ఇంకో సలహా: ఈసారి అన్ని గుడ్లూ ఉంచుకోకు. నీ టబ్బుకు, నీ తీరికకు 40 చాలు.

నాచుతోట, హైదరాబాద్
ఆగస్టు 10, ఉదయం 10:15

భీమిలి తమ్ముడి పోస్టు వేదిక పైన అందరికీ కనిపించేలా అతికించమని నిర్వాహకులను కోరుతున్నాను. నేను ఒక్క విషయంలో విభేదిస్తాను. పూర్తిగా ఖాళీ అడుగు కన్నా, బియ్యపు గింజ మందాన సన్న ఇసుక చల్లితే పిల్లల మీసాలు బాగుంటాయని నా అనుభవం.

భీమిలి తీరం
ఆగస్టు 10, రాత్రి 8:00

మీకు చేయి తిరిగింది కాబట్టి ఇసుక మీద మురికి కనిపెట్టగలరు సార్. మేడమ్‌కి మొదటి నెల ఖాళీ అడుగే మేలు. కనిపిస్తేనే తీయగలం. నెల దాటాక ఇసుక వేసుకోవచ్చు.

నాచుతోట, హైదరాబాద్
ఆగస్టు 10, రాత్రి 8:12

సరే, అలా అయితే ఒప్పందమే.

కృష్ణలంక, విజయవాడ
ఆగస్టు 26, ఉదయం 6:30

మూడో విడత. వంద పైన గుడ్లలో 45 మాత్రమే తీశాను, మిగతావి పెద్దవాటికే వదిలేశాను. అలా వదలడం కష్టమనిపించింది, కానీ చేశాను. ఈసారి 20 లీటర్ల టబ్బు, ఖాళీ అడుగు, నీళ్లు జానెడు లోతు. పెద్ద తొట్టిలో నెల రోజులు నానిన స్పాంజ్ ఫిల్టర్‌ను ఇందులోకి మార్చాను. బాదం ఆకు ఒకటి. పొదిగాక రెండు రామ్స్‌హార్న్ నత్తలు వేశాను, మిగిలిన మేతను అవి చూసుకుంటాయి. 41 పొదిగాయి.

రోజూ పొద్దున్న ఐదున్నరకు, రాత్రి తొమ్మిదికి సైఫన్. మేత నాలుగు పూటలు, కొంచెం కొంచెంగా.

కృష్ణలంక, విజయవాడ
సెప్టెంబరు 13, రాత్రి 10:40

పదహారో రోజు దాటింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మూడుసార్లు లేచి టార్చి వేసి చూశాను. ఒక్కటీ పోలేదు. ఇవాళ్టికి 38.

మధ్యలో ఒక గండం. వాయుగుండం వాన రాత్రి ఐదు గంటలు కరెంటు పోయింది. బ్యాటరీ ఎయిర్ పంపు ముందే కొనిపెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాం. ఎవరైనా వానాకాలంలో పిల్లల్ని పెంచాలనుకుంటే ముందు అది కొనండి.

డాలస్ గోదారి
సెప్టెంబరు 14, ఉదయం 7:50

అక్కా, కళ్లు చెమర్చాయి. పిల్లలు గబుక్కున పైకి వెళ్లి గాలి గుటక వేసి కిందికి రావడం మొదలుపెట్టాయా?

కృష్ణలంక, విజయవాడ
సెప్టెంబరు 14, మధ్యాహ్నం 12:30

మొదలుపెట్టాయి! బాణంలా పైకి వెళ్లి, ఒక్క బుడగ మింగి, మళ్లీ అడుగుకు. పేగుతో కూడా గాలి పీల్చుకుంటాయని చదివాను. అందుకే నీళ్ల మీద నూనె పొర లేకుండా రోజూ కాగితం పరిచి తీసేస్తున్నాను.

కృష్ణలంక, విజయవాడ
అక్టోబరు 19, ఉదయం 8:00

ఎనిమిది వారాలు నిండాయి. 36 ఉన్నాయి, ఆ పాత తొమ్మిదిలో ఏడు. ఒక్కోటి ముప్పావు అంగుళం పైన, వీపు మీద రాగి మెరుపు వచ్చింది. ఇసుక వేశాను. అందరూ వరసగా మూతులు దూర్చి, మొప్పల్లోంచి ఇసుక వదులుతుంటే గంటలు గడిచిపోతున్నాయి. ఇచ్చేయడానికి ఇరవై దాకా ఉంటాయి. డబ్బులు వద్దు. ఒకే షరతు, ఆరుకు తక్కువ ఇవ్వను, విడదీయను. ఎప్పుడైనా పెంచలేకపోతే నాకు తిరిగి ఇచ్చేయండి, కాలువలోనో చెరువులోనో మాత్రం వదలకండి. మన చెరువుల్లో వలలు చింపుతున్న రాక్షస చేప, ఎవరో తొట్టిలోంచి వదిలిన సక్కర్ ఫిష్ సంతతే.

కొత్తతొట్టి, ఏలూరు
అక్టోబరు 19, ఉదయం 8:25

అక్కా, నాకు మాటిచ్చారు! మీరు చెప్పాక షాపులో కొనలేదు. తొట్టి కడిగి ఇసుక వేసి రెండు నెలలైంది, ఫిల్టర్ నడుస్తోంది. రైల్లో తెచ్చుకోవడానికి కవరు సరిపోతుందా?

ఓరుగల్లు మావయ్య
అక్టోబరు 19, ఉదయం 9:00

బాబూ, వలతో పట్టనివ్వకు. పక్క రెక్కల ముళ్లు బిగించుకుని వలలో చిక్కుకుంటాయి, విడదీయబోతే విరుగుతాయి. చిన్న డబ్బాలోకి తోలి పట్టాలి. కవరు కన్నా మూతున్న ప్లాస్టిక్ డబ్బా మేలు, కవరు మూలల్లో పిల్లలు నలుగుతాయి. భయపడితే ఒంట్లోంచి విషం లాంటిది వదులుతాయి, ఇరుకు నీళ్లలో వాటికవే దానికి బలవుతాయి. నీళ్ల మీద నురగ కనిపిస్తే వెంటనే నీళ్లు మార్చు. పట్టిన తర్వాత ఓ పది నిమిషాలు బకెట్‌లో ఉంచి, కొత్త నీళ్లలోకి మార్చాకే డబ్బాలో వేయడం మంచిది.

కృష్ణలంక, విజయవాడ
అక్టోబరు 19, ఉదయం 9:30

తమ్ముడూ, నీ మాట నాకు గుర్తుంది. నీకని ఎనిమిది పక్కన పెట్టాను. ఆదివారం పొద్దుటి రైలుకే రా, ఎండ ఎక్కకముందే తిరిగి వెళ్లొచ్చు. శనివారం వాటికి మేత వేయను, దారిలో నీళ్లు పాడవకుండా ఉంటాయి. ఐదు లీటర్ల డబ్బా, నా తొట్టి నీళ్లు నేనే ఇస్తాను. ఇంటికెళ్లాక గంట సేపు నీ నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ, అప్పుడు వదులు. నీ ఒంటరి కోరీ ఏం చేస్తుందో ఫొటో పెట్టు.

నువ్వు ఇంకో ఖాళీ డబ్బా తెచ్చుకో, మూతకు రంధ్రాలున్నది. మైక్రోవార్మ్స్ తోడు కొంచెం వేసిస్తాను.